పొరుగూరి పనికి వెళ్తే గది బిల్లు ఎవరి పేరు మీద ఉండాలి?

ఎవరి దగ్గరా ఉద్యోగం చేయకుండా కాంట్రాక్టు మీద పనిచేస్తూ, ఆ పని కోసం వారాలూ నెలలూ ఇల్లు విడిచి ఉండే పాఠకుల ప్రశ్నలకు ఈ నెల శీర్షికను కేటాయించాం. ఉద్యోగి అయితే టూరు నుంచి వచ్చి బిల్లు పెట్టుకుంటాడు, అందుకు సంస్థలో ఒక పద్ధతి ముందే ఉంటుంది. కాంట్రాక్టు మనిషికి అటువంటి పద్ధతి ఏదీ లేదు, వర్క్ ఆర్డరులో ఏది రాసి ఉంటే అదే పద్ధతి. అందువల్ల కింది జవాబుల్లో పన్నుల గురించి ఎంత చెప్పామో, బయలుదేరే ముందు రాయించుకోవలసిన మాటల గురించీ అంతే చెప్పవలసి వచ్చింది.

ప్రశ్న: నేను ఫ్యాక్టరీలలో కంట్రోలు ప్యానెళ్లు అమర్చి, నడిపించి అప్పగించే ఇంజినీరుని. ఆంధ్రప్రదేశ్‌లో జీఎస్టీ నమోదు ఉంది. హైదరాబాదు కంపెనీ ఒకటి తమిళనాడులోని హోసూరులో 40 పనిదినాల పని ఇస్తానంటోంది. అన్నీ కలుపుకొని రోజుకు 7,000 రూపాయలు తీసుకోమంటున్నారు, లేదంటే రోజుకు 5,000 ఇచ్చి బస, భోజనం, ప్రయాణం ఖర్చులు బిల్లుల ప్రకారం విడిగా ఇస్తామంటున్నారు. నాకు మొదటిదే లాభంగా కనిపిస్తోంది. మీ అభిప్రాయం ఏమిటి?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: కాగితం మీద లెక్క వేసి చూస్తే మీ అభిప్రాయం మారవచ్చు. 40 పనిదినాలంటే మధ్యలో వచ్చే ఆదివారాలతో కలిపి కనీసం 46 రాత్రులు మీరు అక్కడ ఉండాలి. కంపెనీ 40 రోజులకే డబ్బు ఇస్తుంది కానీ, ఆదివారం మీరు ప్యానెలు ముట్టుకోలేదని లాడ్జివాడు ఆ రోజు అద్దె మాఫీ చేయడు. గది పన్నుతో కలిపి రోజుకు 1,500 అనుకుంటే 69,000, భోజనం టిఫిన్లకు రోజుకు 600 చొప్పున 27,600, గది నుంచి సైటుకు ఆటో రానూపోనూ రోజుకు 300 చొప్పున 40 రోజులకు 12,000, మధ్యలో ఒకసారి ఇంటికి వచ్చి వెళ్లడంతో కలిపి రైలు, బస్సు చార్జీలు 8,000 వేసుకుంటే మొత్తం 1,16,600 రూపాయలవుతుంది. మొదటి పద్ధతిలో మీకు వచ్చే 2,80,000లో అది పోగా 1,63,400 మిగులుతుంది. రెండో పద్ధతిలో ఖర్చులు కంపెనీవి కాబట్టి 2,00,000 మీకే ఉంటుంది. అంటే పైకి రోజుకు 2,000 తక్కువగా కనిపించిన పద్ధతిలోనే మీకు 36,600 రూపాయలు ఎక్కువ. ఇక ప్యానెళ్లు ఆలస్యంగా వచ్చి మీరు వారం రోజులు ఖాళీగా గదిలో కూర్చోవలసి వస్తే మొదటి పద్ధతిలో ఆ వారం నష్టం పూర్తిగా మీదే. సైటు సిద్ధంగా లేకపోవడం ఈ వృత్తిలో ఎంత మామూలు సంగతో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ‘బిల్లుల ప్రకారం ఇస్తాం’ అన్న మాటను అక్కడితో వదిలేయకండి. ఆ ఖర్చు ముందు మీ జేబులో నుంచి పోతుంది, నెలాఖరుకు ఇన్‌వాయిస్‌లో చేరుతుంది, ఆపైన దాని మీద కూడా టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు. వృత్తి సేవలకు కోత 10 శాతం, కేవలం సాంకేతిక సేవలుగా లెక్కగడితే 2 శాతం. మీ వంటి ఇంజినీర్లకు ఎక్కువ కంపెనీలు 10 శాతమే కోస్తున్నాయి. ఖర్చుల బిల్లును అసలు రశీదులతో విడిగా పెట్టినప్పుడు దాని మీద కోత ఉండకూడదని వాదించి ట్రిబ్యునళ్లలో, న్యాయస్థానాల్లో నెగ్గినవారు ఉన్నారు. కానీ కంపెనీ అకౌంట్సు విభాగం న్యాయస్థానం దాకా ఆలోచించదు, మొత్తం మీద కోసేస్తే తన పని క్షేమం అనుకుంటుంది. అప్పుడు ఫీజూ ఖర్చులూ కలిపి 3,16,600 మీద 31,660 రూపాయలు పోతాయి. అది రిటర్ను దాఖలు చేశాక తిరిగి రావచ్చు, కానీ లాడ్జి అద్దె కట్టినది ఈ నెలలో.

దీనికంటే ముఖ్యమైన చిక్కు ఆదాయపు పన్ను లెక్కలో ఉంది. స్థూల రాబడి 50 లక్షల రూపాయలు మించని ఇంజినీర్లు, డాక్టర్లు, సమాచార సాంకేతిక నిపుణులు మొదలైనవారు (నగదు వసూళ్లు 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు) రాబడిలో సగాన్ని ఆదాయంగా చూపి పన్ను కట్టే వీలుంది. అందరూ 44ఏడీఏ అని పిలిచేది దీన్నే. 2026 ఏప్రిల్ 1 నుంచి అమలయ్యే 2025 నాటి కొత్త చట్టంలో సెక్షన్ల అంకెలు మారినా ఏర్పాటు ఇదే కాబట్టి అలవాటైన పాత అంకెనే వాడుతున్నాను. ఈ పద్ధతిలో వెళ్లేవారు గది అద్దెనూ రైలు చార్జీనీ విడిగా తగ్గించుకోలేరు, అవన్నీ ఆ మిగతా సగంలోనే ఉన్నాయని చట్టం భావిస్తుంది. ఇప్పుడు 69,000 రూపాయల గది అద్దె మీ ఇన్‌వాయిస్‌లో చేరిందంటే ఏమవుతుందో చూడండి: మీకు పైసా మిగలని ఆ మొత్తంలో 34,500 మీ ఆదాయంగా లెక్కకు వస్తుంది. మీ పాన్ మీద కనిపించే 26ఏఎస్ పట్టికలో (మీకు వచ్చిన చెల్లింపులు, కోసిన పన్ను వివరాలుండే పట్టిక) మొత్తం అంకె ఉంటుంది కాబట్టి, అది ఖర్చు మాత్రమేనని తరువాత నిరూపించుకునే భారం మీ నెత్తిన పడుతుంది. అదే గదిని కంపెనీయే తన పేరు మీద బుక్ చేసి లాడ్జికి నేరుగా చెల్లిస్తే ఆ 69,000 మీ రాబడిలో కనిపించదు, దాని మీద కోత లేదు, మీ జేబు నుంచి పెట్టుబడీ లేదు.

జీఎస్టీ దగ్గర కూడా ఇదే మేలు. హోటలు గది విషయంలో గది ఉన్న చోటే సేవ అందినట్టు చట్టం చూస్తుంది. హోసూరు లాడ్జి కేంద్ర జీఎస్టీతో పాటు తమిళనాడు జీఎస్టీ వేస్తుంది, ఆంధ్రప్రదేశ్‌లో నమోదైన మీరు దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకోలేరు, అంటే మీరు కట్టవలసిన జీఎస్టీలో తగ్గించుకోలేరు. రోజుకు 7,500 రూపాయల వరకు ఉన్న గదులకు 2025 సెప్టెంబరు 22 నుంచి రేటు 5 శాతమే కాబట్టి పోయేది పెద్ద మొత్తం కాదు కానీ, ఆ అద్దెను మీరు మీ ఇన్‌వాయిస్‌లో చేర్చినప్పుడు మీ సేవ విలువలో భాగమై దాని మీద మళ్లీ 18 శాతం పడుతుంది. విమానం టికెట్టు సంగతి వేరు, బుకింగు సమయంలో మీ జీఎస్టీ నంబరు ఇస్తే దాని మీది క్రెడిట్టు మీ రాష్ట్రంలోనే మీకు వస్తుంది.

కాబట్టి నా సలహా ఇది. రెండో పద్ధతినే ఒప్పుకోండి, కానీ గదినీ రైలు టికెట్టునూ కంపెనీనే బుక్ చేయమనండి. భోజనానికీ ఆటోకూ బిల్లులు పోగు చేసే బాధ లేకుండా రోజుకు ఇంత అని ఒక మొత్తం అడగండి, పని లేని రోజులకు కూడా అది వర్తించేలా రాయించండి. ఆ భత్యం మీ రాబడిలో కలుస్తుంది, దానికి తప్పించుకునే దారి లేదు. ఉద్యోగుల టూరు భత్యానికి ఉండే పన్ను మినహాయింపు కాంట్రాక్టు మనిషికి వర్తించదని గుర్తుంచుకోండి. గదిని కంపెనీయే బుక్ చేసేటట్లయితే అది సైటుకు ఎంత దూరంలో ఉండాలో, గది ఒక్కరికా ఇద్దరికా అన్నది కూడా తేల్చుకోండి. కంపెనీ ఖర్చు కదా అని సైటుకు 20 కిలోమీటర్ల దూరాన, మరో ఇద్దరు గురక పెట్టేవారితో కలిపి పడేసిన సందర్భాలు నాకు తెలుసు.

ఇక ఎందుకైనా మీరే కట్టవలసి వస్తే బిల్లు మీద పేరు చూసుకోండి. ఈ పాఠం నేను డబ్బు పోగొట్టుకొని నేర్చుకున్నాను. చాలా ఏళ్ల కిందట ఒక పారిశ్రామిక పట్టణంలో 31 రాత్రులు ఒకే లాడ్జిలో ఉన్నాను. కౌంటరులోని కుర్రాడు వారానికో బిల్లు చేత్తో రాసి ఇచ్చేవాడు, నేను చదవకుండా మడిచి డైరీలో పెట్టుకునేవాణ్ణి. చివరికి కంపెనీ అకౌంటెంటు వాటిని బల్ల మీద పరిచి, ‘పేరు’ అన్న చోట ‘పార్టీ’ అని మాత్రమే రాసి ఉన్న మూడింటిని పక్కకు జరిపాడు. ఆ మూడు వారాల అద్దె నాకు రాలేదు. చేతిరాత బిల్లులైనా నయం, మిషను నుంచి వచ్చే మెత్తటి కాగితం మీది అక్షరాలు చొక్కా జేబు చెమటకు రెండు నెలల్లో తెల్లబోతాయి. ఏ రోజు రశీదును ఆ రోజే ఫొటో తీసి పంపెయ్యడం మంచిది.

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేరు టెస్టరుని. బెంగుళూరులో ఆరు నెలల కాంట్రాక్టు వచ్చింది, క్లయింటు బస ఇవ్వడు. హైదరాబాదులో మా ఇల్లు, పిల్లలు ఉన్నారు కాబట్టి రెండు వారాలకొకసారి వచ్చి వెళ్లాలి. పీజీలో ఉండాలా, చిన్న ఫ్లాటు తీసుకోవాలా? ఆ అద్దెకు హెచ్‌ఆర్‌ఏ లాగా ఏదైనా మినహాయింపు ఉందా?
– ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: అమ్మా, హెచ్‌ఆర్‌ఏ (ఇంటి అద్దె భత్యం) జీతగాళ్లది, మీకు రాదు. మీకు ఉన్న దారులు రెండు. 44ఏడీఏ కింద రాబడిలో సగం చూపిస్తే అద్దె సంగతి ఎవరూ అడగరు, అందులో ప్రత్యేకంగా తగ్గించేదీ ఉండదు. అలా కాక పూర్తి లెక్కల పుస్తకాలు రాస్తే, ఇల్లూ సంసారమూ హైదరాబాదులోనే ఉండి పని కోసమే బెంగుళూరులో గది తీసుకున్నారు కాబట్టి ఆ అద్దెనూ రాకపోకల చార్జీలనూ వృత్తి ఖర్చుగా చూపవచ్చు. కుటుంబాన్ని కూడా అక్కడికి మార్చారంటే మాత్రం అది మీ కాపురం ఇల్లు అవుతుంది, వృత్తి ఖర్చు కాదు. ఖర్చులన్నీ కలిపి రాబడిలో సగం దాటితే తప్ప పుస్తకాల దారికి వెళ్లవద్దంటాను. సగం కన్నా తక్కువ లాభం చూపినప్పుడు, ఆదాయం పన్ను పరిమితి దాటి ఉంటే పుస్తకాలతో పాటు ఆడిట్ కూడా చేయించాలి, దాని ఫీజు మీరు మిగుల్చుకున్నదాన్ని మింగేస్తుంది. పుస్తకాలు రాసేవారు ఇంకొకటి గమనించాలి. ఒకే మనిషికి ఒకే రోజు 10,000 రూపాయలకు మించి నగదుగా ఇస్తే ఆ ఖర్చు చెల్లదు. నెల అద్దె 14,000 పీజీ యజమాని చేతిలో నోట్లుగా పెట్టారంటే అద్దె కట్టినట్టే, లెక్కలో మాత్రం కట్టనట్టే.

పీజీయా ఫ్లాటా అన్నదానికి వస్తే, ఆరు నెలలకు పీజీయే మంచిదని నా ఉద్దేశం. మనిషికి నెలకు 20,000 రూపాయలు మించని బసను కనీసం 90 రోజులు వరుసగా ఇచ్చే ఒప్పందానికి 2024 జులై 15 నుంచి జీఎస్టీ మినహాయింపు ఉంది. పీజీవాళ్లు నెల నెలా ఒప్పందం అని రాసి పన్ను కలిపితే, మూడు నెలలకు తగ్గకుండా రాయించుకుని ఆ పన్ను తీసేయమని అడగవచ్చు. ఫ్లాటు దగ్గర రెండు చిక్కులున్నాయి. మొదటిది అడ్వాన్స్. బెంగుళూరులో ఇంటి యజమానులు అనేక నెలల అద్దెను ముందే పట్టుకుంటారు, ఖాళీ చేసేటప్పుడు రంగుల పేరు చెప్పి కొంత కోసి, మిగతాది తమకు వీలైనప్పుడు ఇస్తారు. ఆరు నెలల పనికి అంత డబ్బు ఇరికించడం తెలివైన పని కాదు. రెండోది, మీకు జీఎస్టీ నమోదు ఉంటేనే వర్తించేది: నమోదైన వ్యక్తి వ్యాపార లెక్కలో నివాస గృహం అద్దెకు తీసుకుంటే 18 శాతం పన్నును రివర్స్ చార్జి కింద, యజమానికి బదులు తానే కట్టాలి. సొంత హోదాలో, సొంత నివాసానికి తీసుకుని వృత్తి లెక్కలో చూపకపోతే ఆ పన్ను లేదు. అంటే ఆదాయపు పన్నులో ఖర్చుగా చూపాలన్న ఆశ జీఎస్టీలో కొత్త పన్ను తెచ్చిపెట్టవచ్చు. మీ ఏడాది రాబడి 20 లక్షల లోపైతే, క్లయింటు వేరే రాష్ట్రంలో ఉన్నాడన్న ఒక్క కారణంతో నమోదు తీసుకోనక్కరలేదు. సేవలకు ఆ వెసులుబాటు ఉంది, వస్తువులు అమ్మేవారి నియమాన్ని మీకు అంటగట్టే ఏజెంట్ల మాట వినకండి.

రెండు వారాలకొకసారి ప్రయాణం అంటున్నారు కాబట్టి ఆ 13 రాకపోకల చార్జీని ఇప్పుడే లెక్కగట్టి మీ నెల రేటులో కలిపి అడగండి. తరువాత విడిగా అడిగితే, ఇంటికి వెళ్లడం మీ సొంత విషయం అంటారు.

ప్రశ్న: సొంత కారులో సైట్లకు తిరుగుతాను. కిలోమీటరుకు ఎంత అడగవచ్చు?
– ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: ప్రైవేటు క్లయింటు ఇంత ఇవ్వాలని చట్టం ఏదీ చెప్పదు, ఒప్పుకున్నదే రేటు. పెట్రోలు ఒక్కటే లెక్క వేసుకోకండి, టైర్లు, సర్వీసింగు, బీమా, బండి విలువ తరుగుదల కూడా కలపండి. ఆ ఊళ్లో ట్యాక్సీవాడు కిలోమీటరుకు ఎంత అడుగుతాడో తెలుసుకుని దానికి కాస్త తగ్గించి చెబితే క్లయింటు బేరం ఆడడు. ప్రతి ప్రయాణానికీ మొదలూ చివరా మీటరు అంకె రాసి ఉంచండి. టోలు రుసుము ఫాస్టాగ్ వివరాల్లో తేదీతో సహా ఉంటుంది కాబట్టి దాన్ని విడిగా, జరిగినది జరిగినట్టు అడగండి. కారు అద్దెకు తీసుకుంటే దాని మీది జీఎస్టీకి, బండి డ్రైవరుతో కలిపి 13 సీట్లకు మించనిదైతే, మీ వంటి వృత్తిలో క్రెడిట్టు రాదు.

ప్రశ్న: ఇంగ్లండులో సొంత లిమిటెడ్ కంపెనీ ద్వారా ఐటీ కాంట్రాక్టులు చేస్తాను. ఇల్లు రెడింగ్‌లో, క్లయింటు మాంచెస్టరులో. వారానికి మూడు రాత్రులు హోటల్లో ఉంటాను. 18 నెలలకు ఇచ్చిన కాంట్రాక్టును ఇంకో ఏడాది పొడిగిస్తామంటున్నారు. హోటలు, రైలు ఖర్చులు కంపెనీ లెక్కలో చూపడం కొనసాగించవచ్చా?
– ఒక పాఠకుడు, రెడింగ్

జవాబు: అక్కడ తేల్చవలసినది మాంచెస్టరు మీకు తాత్కాలిక పనిచోటా కాదా అన్నది. పనివేళల్లో 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఒకేచోట గడుపుతూ, అక్కడి పని 24 నెలలు మించినా, మించుతుందని తెలిసినా అది తాత్కాలికం కాదు. చాలామంది 24 నెలలు నిండేదాకా చూపించుకోవచ్చని అనుకుంటారు. అది పొరపాటు, పొడిగింపు ఖాయమని మీకు తెలిసిన రోజు నుంచే మినహాయింపు ఆగిపోతుంది. 18కి 12 కలిపితే 30 నెలలు కాబట్టి ఆ సంగతి మీకు ఖాయంగా తెలిసిన నాటి నుంచి చూపకూడదు, అంతకు ముందు చూపినవి చెల్లుతాయి. అదే ప్రాంతంలో వేరే క్లయింటు దగ్గర చేరినా ప్రయాణంలో చెప్పుకోదగ్గ మార్పు లేకపోతే లెక్క మళ్లీ మొదటికి రాదు. ఇదంతా మీ కాంట్రాక్టు ఐఆర్35 (పేరుకు సొంత కంపెనీ ఉన్నా నిజానికి ఉద్యోగిలా పనిచేసేవారికి వర్తించే అక్కడి పన్ను నియమం) పరిధిలోకి రానప్పటి మాట. వచ్చిందని క్లయింటు తేల్చి ఉంటే, 2016 ఏప్రిల్ నుంచి వచ్చిన మార్పుల ప్రకారం ఇంటి నుంచి ఆ సైటుకు ప్రయాణానికీ బసకూ మొదటి రోజు నుంచే మినహాయింపు లేదు. పొడిగింపు రేటు మాట్లాడేటప్పుడు ఈ ఖర్చు ఇకపై పన్ను కట్టిన డబ్బులో నుంచి పోతుందని గుర్తుపెట్టుకుని అడగండి.

ప్రశ్న: కాలేజీలలో శిక్షణ తరగతులు నిర్వహిస్తాను. ఒక సంస్థ కార్యక్రమం ముందు రోజు రాత్రి రద్దు చేసింది. తత్కాల్ టికెట్టు, హోటలు అడ్వాన్స్ రెండూ పోయాయి. అదే సంస్థ అంతకు ముందు చేసిన పనికి ఫీజు, ప్రయాణ ఖర్చులు మూడు నెలలుగా ఇవ్వడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: ముందు పాత బాకీ సంగతి. మీరు చిన్న సంస్థల నమోదుకు ప్రభుత్వం పెట్టిన ఉద్యం పోర్టల్‌లో సూక్ష్మ సంస్థగా నమోదై ఉంటే, కొన్నవారు ఒప్పందం రాసుకున్నప్పుడు గరిష్ఠంగా 45 రోజుల్లో, రాసుకోనప్పుడు 15 రోజుల్లో చెల్లించాలి. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతల వడ్డీ నెలవారీ చక్రవడ్డీగా పడుతుంది, ఇందుకు ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫిర్యాదు కంటే ఒక ఉత్తరమే ఎక్కువ పనిచేయడం నేను చూశాను. గడువు దాటి, ఆ ఆర్థిక సంవత్సరం ముగిసేలోగా కూడా చెల్లించకపోతే ఆ ఖర్చును ఆ ఏడాది ఆదాయపు పన్ను లెక్కలో వాళ్లు చూపించుకోలేరని గుర్తు చేస్తూ, మీ ఉద్యం నంబరు వేసి వారి ఆడిటరుకు కూడా ప్రతి పంపండి. మార్చి నెలలో పంపితే ఫలితం ఇంకా త్వరగా వస్తుంది. నమోదు లేకపోతే ఇప్పుడే చేసుకోండి, రుసుము లేదు. అయితే నమోదుకు ముందు చేసిన పనికి ఆ రక్షణ అడగడం కష్టం.

రద్దయిన కార్యక్రమం విషయంలో మీ చేతిలో రాతపూర్వకంగా ఏమీ లేదని మీ ఉత్తరాన్ని బట్టి అర్థమవుతోంది. ఖరారైన తత్కాల్ టికెట్టు రద్దు చేస్తే రైల్వే పైసా తిరిగి ఇవ్వదు కాబట్టి, ఆ టికెట్టూ హోటలు అడ్వాన్స్ రశీదూ జతచేసి సగమైనా ఇమ్మని మర్యాదగా అడగండి, మళ్లీ పని ఇవ్వాలన్న ఉద్దేశం ఉంటే ఇస్తారు. ఇకముందు ఎవరు పిలిచినా తేదీ ఖాయం చేసే మెయిల్లోనే ఈ మాటలు చేర్చండి: ‘రానూపోనూ చార్జీలు, బస ఖర్చు బయలుదేరడానికి వారం ముందు నా ఖాతాలో జమ కావాలి. కార్యక్రమానికి మూడు రోజుల లోపు రద్దు చేస్తే ఆ మొత్తాన్ని నేను తిరిగి చెల్లించనవసరం లేదు, ఒక రోజు ఫీజులో సగం కూడా మీరు ఇవ్వాలి, తేదీ మారిస్తే కొత్త టికెట్ల ఖర్చు విడిగా ఇవ్వాలి.’ దీనికి ‘సరే’ అని జవాబు వచ్చేదాకా టికెట్టు తీసుకోకండి.